నొయ్ అంటే తొమ్మిది

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో అనుమానమన్నది ఉండేది కాదు. ఒకటి తాళం, రెండోది బెంగాలీ. తాళం విజయనగరంలో మా పెద్దమ్మ దగ్గర వయొలిన్‌తోపాటు నేర్చుకున్నది (తప్పితే నా వీపు మీద ఆవిడ వేసే తాళం వేరే ఉండేది). బెంగాలీ మాత్రం కోల్‌కతాలో ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్సుల్లో వినీ వినీ నా అంతట నేనే నేర్చుకున్నది. మనిషికి కొంచెం తెలిసినప్పుడు ఉండే ధైర్యం పూర్తిగా తెలిశాక ఉండదు. అలాంటి ధైర్యం నా దగ్గర అప్పట్లో పుష్కలంగా ఉండేది, నలుగురికి పంచినా మిగిలేది.

వాట్‌గంజ్‌లో మావయ్య వాళ్ళింట్లో ఉండేవాణ్ణి. మావయ్యది ఓడరేవు డాకులో పని. వాళ్ళ నాన్నగారి కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అత్త పుట్టి పెరిగింది కూడా ఆ వీధిలోనే. వాళ్ళిద్దరూ నన్ను కన్నకొడుకులా చూసుకునేవారు, కానీ వాళ్ళ వయసు వాళ్ళది. ఇక సాల్ట్ లేక్‌లోని ఆఫీసులో అందరూ మంచివాళ్ళే, నాకే ఎక్కడ ఎప్పుడు నవ్వాలో తెలిసేది కాదు. భోజనాల దగ్గర వాళ్ళు ఫుట్‌బాల్ గురించో ఇలిశ చేప గురించో మాట్లాడుకుని గొల్లుమంటే, నేను వాళ్ళ నవ్వు ఆగిపోయాక నవ్వేవాణ్ణి. ఆదివారం వచ్చిందంటే మావయ్య ఇంటి డాబా మీద ఒక్కణ్ణే కూర్చుని వయొలిన్ వాయించుకునేవాణ్ణి. ఊరంతా మనుషులే, నాతో మాట్లాడేవాడు ఒక్కడూ లేడనిపించి ఏడుపొచ్చిన ఆదివారాలు కూడా ఉన్నాయి.

అలాంటి సమయంలో నన్ను దగ్గరికి తీసినవాడు మా ఆఫీసులోనే పనిచేసే ఒక పెద్దాయన. అందరూ ఆయన్ని బొడ్‌దా అనేవారు, అంటే పెద్దన్నయ్య అని. (ఫోన్‌లో మా అమ్మకి ఈ పేరు చెబితే, "బెడదా? కొత్త ఊర్లో ఏటి బెడద రా నీకు?" అని కంగారుపడింది.) బొడ్‌దాకి ఐర్లండ్ దేశపు జానపద బాణీలంటే ప్రాణం. ఆయన మాండలిన్, ఒకమ్మాయి వేణువు, కీర్తనల్లో ఖోల్ అనే మట్టి మృదంగం వాయించే ఇంకొకాయన, వీళ్ళంతా ప్రతి ఆదివారం భవానీపూర్‌లోని బొడ్‌దా ఇంట్లో చేరి వాటిని వాయించేవారు. వాళ్ళ వయొలిన్ ఆయనకి బెంగళూరులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. నాకు వయొలిన్ వచ్చని తెలియగానే బొడ్‌దా నన్ను ఎగాదిగా చూసి, "బెంగాలీ వచ్చా?" అని ఇంగ్లీషులో అడిగాడు. నేను ఛాతీ విరిచి, "ఆమి బాంగ్లా జాని" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆయన నాతో ఇంగ్లీషు మానేశాడు.

మొదటి ఆదివారం నేను మామూలుగా కింద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలని పాదం మీద ఆనించుకుని కూర్చుంటే, స్టూళ్ళ మీద కూర్చున్న వాళ్ళంతా నన్ను వంగి చూడాల్సి వచ్చింది. తరవాత వాళ్ళ పద్ధతిలోకి తీగెలు శ్రుతి చేసుకునేసరికి ఒకటి తెగింది. అయినా ఎవరూ ఏమీ అనలేదు. మట్టి కప్పుల్లో టీ వచ్చింది, మరమరాలు వచ్చాయి, వేడివేడి వంకాయ బజ్జీలు వచ్చాయి. అప్పుడు బొడ్‌దా స్లిప్ జిగ్ అనే రకం బాణీ ఒకటి వినిపించాడు. ఐర్లండ్‌లో దానికి నాట్యం కూడా ఉందట. దాని అసలు పేరుకి నా నోరు తిరగలేదు. వేళ్ళు చూపించి, "నొయ్ మాత్రా" అన్నాడు. తొమ్మిది మాత్రలన్నమాట. నా మొహం విప్పారింది. తొమ్మిది అంటే మనకి సంకీర్ణం. సంకీర్ణమంటే తకధిమి తకతకిట, నాలుగూ అయిదూ. ఇది మా పెద్దమ్మ నా వీపు సాక్షిగా నేర్పింది, ఇందులో ఐర్లండ్ వాళ్ళు నాకు చెప్పేదేముంది?

ఇంకో నియమం కూడా చెప్పాడు. ఆ బాణీని ఆపకుండా మళ్ళీ మళ్ళీ మొదటినుంచి వాయిస్తారు. వాయించిన ప్రతిసారీ ఎవరికి తోచిన చిన్న మార్పు వాళ్ళు చెయ్యాలి, కానీ మార్చినట్టు పైకి తెలియకూడదు. నాకిది బొత్తిగా అర్థం కాలేదు. మన దగ్గర మార్చామంటే పక్కవాడు తల ఊపాలి, ముందు వరసలోవాడు తొడ కొట్టుకోవాలి, వెనక వరసలోవాడు లేచి చూడాలి. ఎవరికీ తెలియకుండా మార్చేదానికి మార్చడం దేనికి? అందుకని నేను కళ్ళు మూసుకుని, గమకాలు దట్టించి, నాలుగు మీదా అయిదు మీదా విల్లుతో గట్టిగా నొక్కుతూ వాయించాను. కళ్ళు తెరిచేసరికి వేణువు అమ్మాయి, కూరలో కారం ఎక్కువైనా మర్యాదకి మింగుతున్న మనిషిలా కూర్చుని ఉంది. ఖోల్ ఆయన చేతులు ఆపేసి నా విల్లు వంక చూస్తున్నాడు. బొడ్‌దా మాత్రం మృదువుగా, "నొయ్, నొయ్" అన్నాడు. తొమ్మిది, తొమ్మిది అని మెచ్చుకుంటున్నాడు కదా అని నేను, "హ్యా దాదా, నొయ్", అంటే అవునన్నయ్యా తొమ్మిదే, అని నవ్వి, రెట్టింపు ఉత్సాహంతో మళ్ళీ అదే వాయించాను.

ఇలా కొన్ని ఆదివారాలు గడిచాయి. బొడ్‌దా "నొయ్" అనడం, నేను పొంగిపోవడం. అప్పుడప్పుడు "ఎభాబే నొయ్" అని కూడా అనేవాడు. అందులో నాకు "భావం" అన్న మాట స్పష్టంగా వినిపించింది. తాళమే కాదు, భావం కూడా కుదిరిందని లోపల్లోపల మురిసిపోయాను. వాళ్ళు లెక్క తప్పుతున్నారని, నా పట్టు చూసి నెమ్మదిగా దారికొస్తారని కూడా అనుకున్నాను. అన్నిటికన్నా ముఖ్యం, ఆదివారం ఎప్పుడొస్తుందా అని సోమవారం నుంచే ఎదురుచూసేవాణ్ణి. వేణువు అమ్మాయి బజ్జీల పళ్ళెం నా వైపు జరిపేది, ఖోల్ ఆయన తన పిల్లల అల్లరి చెప్పేవాడు. వాళ్ళతోపాటు సరైన సమయానికి నవ్వడం కూడా నేర్చుకున్నాను. ఆ ఊరు నాదనిపించింది ఆ గదిలోనే.

ఇంతలో ఒక వార్త వచ్చింది. ఐర్లండ్ నుంచి ఒక పెద్దావిడ కోల్‌కతా వస్తోందట (మేమంతా ఆవిడకి ఐర్లండ్ మామ్మ అని పేరు పెట్టుకున్నాం), మా వాళ్ళతో కలిసి వాయిస్తానందట, అందులోనూ ఆ తొమ్మిది మాత్రల బాణీయే కావాలందట. బొడ్‌దా ఇంటి పక్క వీధి క్లబ్బు హాల్లో ఒక సాయంత్రం కార్యక్రమం. మావయ్య డాకులో తన జట్టు మొత్తాన్ని పిలిచేశాడు. ముందురోజు అన్నాల దగ్గర నేను గొప్పలు పోతూ, "మా బొడ్‌దాకి నా తాళమంటే ఎంత గురో అత్తా, నేను విల్లు ఎత్తితే చాలు, నొయ్ నొయ్ అంటాడు. ఎభాబే నొయ్ అంటాడు," అన్నాను.

పులుసు వడ్డిస్తున్న అత్త గరిటె ఆపేసింది.

"ఎభాబే నొయ్ అన్నాడా? అంటే ఏటనుకున్నావు నువ్వు?"

"మంచి భావంతో తొమ్మిది పడిందని."

అత్త మావయ్య వంక చూసింది. మావయ్య కంచంలోకి చూసుకున్నాడు. "ఒరే నాయినా," అంది అత్త, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఈళ్ళ బాసలో నొయ్ అంటే తొమ్మిదీ అవుతాది, కాదు అని కూడా అవుతాది. ఎభాబే నొయ్ అంటే ఇలగ కాదు అని. ఆ మారాజు ఇన్నాళ్ళూ నీకు ఇది కాదు బాబూ, ఇది కాదు బాబూ అని సెప్తన్నాడు."

నేను కంచం పక్కకి జరిపాను. ఎన్ని సార్లు "కాదు" అన్నాడో, అన్ని సార్లూ నేను ఎంత వినయంగా నవ్వి దండం పెట్టానో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. రేపు హాలు నిండా జనం ముందు వాళ్ళ పరువు తీస్తాను, ఎల్లుండి నుంచి మళ్ళీ మావయ్య డాబా, నేనూ, నా వయొలిన్. జ్వరమని కబురు పెట్టెయ్యనా అని అడిగాను. "జొరం నేదు, గిరం నేదు," అంది అత్త. "పొద్దున్నే ఎల్లి ఆ పెద్దమనిసినే అడుగు. నెల్లాళ్ళు ఓపిక పట్టినోడు, ఇంకో పూట పట్టలేడేటి?"

పొద్దున్నే వెళ్ళాను. బొడ్‌దా లుంగీలో తలుపు తీశాడు. ఇంగ్లీషూ హిందీ కలిపి, నొయ్ సంగతి మొత్తం చెప్పేశాను. ఆయన గుమ్మం మీదే కూలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తరవాత ఆయన చెప్పింది విని నాకు ఇంకా సిగ్గేసింది. నేను కావాలనే అలా వాయిస్తున్నానని, దక్షిణాది వాళ్ళకి తాళం దగ్గర పంతం ఎక్కువని, గట్టిగా చెబితే నా మనసు నొచ్చుకుంటుందని వాళ్ళు ముగ్గురూ నేను లేనప్పుడు కూర్చుని తర్జనభర్జన పడ్డారట. "నిన్ను వదులుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాం," అన్నాడు. ఆ మాటకి నా గుండెల మీంచి సగం బరువు దిగింది. మిగతా సగం దించడానికి ఆయన నా మోకాలి మీద చేత్తో కొట్టి చూపించాడు. తకిట తకిట తకిట. మూడు మూళ్ళు. అంతే, ఇంకేమీ లేదు.

సాయంత్రం హాల్లో మావయ్య జట్టు ముందు వరస ఆక్రమించింది. ఐర్లండ్ మామ్మ చిన్న మనిషి, తెల్లటి జుట్టు, చేతిలో నాలాంటిదే వయొలిన్. మొదటిసారి నేను పిల్లిలా వాయించాను, మూడు మూళ్ళు తప్పలేదు. రెండోసారీ తప్పలేదు. బొడ్‌దా మొహంలో రక్తం తిరిగి కనిపించింది. మూడోసారి మామ్మ ఎక్కడో ఒక స్వరాన్ని అలా జార్చి అలా పట్టుకుంది. మార్చినట్టే తెలియలేదు, కానీ నా ఒళ్ళు ఝల్లుమంది. దాంతో నన్ను నేను మరిచిపోయి "భలే" అన్నాను, అన్నది నోరే కాదు, విల్లు కూడా. కళ్ళు మూసుకుపోయాయి. తకధిమి తకతకిట మొదలైపోయింది.

బొడ్‌దా పెదవులు "నొయ్" అని కదలడం కళ్ళు తెరిచాక చూశాను. ఇప్పుడు ఆ మాటకి అర్థం తెలుసు, కానీ చెయ్యి ఆగితే కదా. అప్పుడు ఖోల్ ఆయన, నెలరోజులుగా నా నాలుగూ అయిదూ విని విని విసిగినవాడు, తలవంచుకుని నాతోపాటే నాలుగూ అయిదూ వాయించడం మొదలెట్టాడు. మిగతావాళ్ళు వాళ్ళ మూడు మూళ్ళు వదల్లేదు. నాలుగూ అయిదూ తొమ్మిదే, మూడు మూళ్ళూ తొమ్మిదే. ఎవరి దారిన వాళ్ళం వెళ్ళి, అందరం ఒకే చోట దిగాం. మామ్మ నా వైపు తిరిగి, మళ్ళీ అదే వాయించమని గడ్డంతో సైగ చేసింది. వాయించాను. మావయ్య జట్టు ఈలలు వేసింది.

అయిపోయాక ఆవిడ ఆ మార్పు ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. అది మార్పు కాదమ్మా, తప్పు అని చెప్పేశాను. ఆవిడ నా భుజం తట్టి, తమ ఊళ్ళో కూడా చాలా మార్పులు అలాగే పుట్టాయని, వాయించినవాళ్ళే అవి తప్పులని ఒప్పుకోలేదని అంది. బొడ్‌దా నా వయొలిన్ పెట్టె తనే మోసుకుంటూ వచ్చి, "ఆదివారం పెందరాళే రా," అన్నాడు. బయట మావయ్య పక్కన నడుస్తూ, ఇంటిదాకా ఆ బాణీయే కూనిరాగం తీశాను.

తరవాత ఉద్యోగం నన్ను హైదరాబాదుకి తీసుకొచ్చింది. మొన్న పనిమీద కోల్‌కతా వెళ్ళినప్పుడు ఆదివారం చూసుకుని భవానీపూర్ వెళ్ళాను. బొడ్‌దాకి జుట్టు నెరిసింది, గదినిండా కొత్త పిల్లలు. అదే బాణీ ఎత్తుకున్నారు. నేను వాళ్ళ మధ్య కూర్చుని, వయసుకి తగ్గ బుద్ధితో, మూడు మూళ్ళు నిక్కచ్చిగా వాయించాను. వయొలిన్ వాయిస్తున్న ఒక అమ్మాయి, కాలేజీ పిల్ల, మర్యాదగా ఆపి, బాబాయ్ అన్నట్టు "కాకూ, మూడోసారి అలా కాదు, అక్కడ నాలుగూ అయిదూ పడాలి. పాతకాలం నుంచి వస్తున్న పద్ధతి అది," అంది. బొడ్‌దా కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. నేను ఆ అమ్మాయిని ఇంకోసారి వాయించి చూపించమని అడిగి, బుద్ధిగా నేర్చుకున్నాను.