మల్లికి వేయించని సూది

మొన్న సౌదీలోని యాన్బులో కూరగాయల కొట్టుకు వెళ్లి తడి జర్జీర్ ఆకు కట్ట చేతిలోకి తీసుకున్నాను. ఆ ఘాటు వాసనకు రాములు మామ ఎదురుగా నిలబడ్డట్టయింది. కట్టను మళ్లీ అక్కడే పెట్టేశాను.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన మామ, నా చిన్నప్పుడు ఇక్కడ మేముండే కాంపౌండ్‌లో తోటపని చేసేవాడు. ప్రతి శుక్రవారం నా కుందేళ్లు బుజ్జికీ, మల్లికీ ఈ ఆకే తెచ్చేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. కుందేళ్లకు ఏదో అంటురోగం వస్తోందని, పశువుల డాక్టర్ క్లబ్‌హౌస్‌కు వచ్చి టీకాలు వేస్తాడని చెప్పారు. అమ్మ రెండింటినీ బుట్టలో పెట్టి నన్ను పంపింది. మల్లి అంటే నాకు ప్రాణం. దాన్ని సూదితో పొడిపించడం ఎందుకని మెట్ల కింద దాచి, బుజ్జిని ఒక్కదాన్నే తీసుకెళ్లాను. తిరిగొచ్చి, రెండింటికీ వేయించానని చెప్పాను.

రెండు వారాలకు మల్లి ముక్కు నుంచి రక్తం కారి చచ్చిపోయింది.

“టీకా వేయించాం కాబట్టి రోగం కాదు. నీ ఆకు మీదే పురుగుల మందు ఉండుంటుంది రాములూ,” అన్నారు నాన్న.

“లేదు సార్, మంచిగ కడిగే పెట్టిన. పాప చూస్తనే ఉంటది,” అని మామ నావైపు చూశాడు.

నిజమే, మా కుళాయి కిందే కడిగేవాడు. నేను బుజ్జి చెవులు నిమురుతూ తల వంచుకున్నాను.

“ఇకనుంచి ఆకులు తేకు,” అన్నారు నాన్న.

తర్వాతి శుక్రవారం మా గుమ్మంలో దుకాణంలో కొన్న క్యారట్ల ప్యాకెట్ ఉంది. దాని సీలు కూడా తీయలేదు.

“చూశావా, తప్పు తెలుసుకున్నాడు,” అన్నారు నాన్న.

ఔనన్నట్టు తలూపాను.