ఇంజిన్ మీదకు నెట్టిన నేరం

ఇన్నేళ్ళుగా మోస్తున్న బరువు ఇది. మొదట్లో నొప్పి పెట్టేది. తర్వాత అలవాటైంది. అలవాటైందని తెలిసిన రోజున నా మీద నాకే అసహ్యం వేసింది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి. జాలిపడేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

ఒక మనిషి చెవులు పోవడానికి నేను కారణం. తెలియక చేసింది కాదు.

మాది నరసరావుపేట. పెద్ద చదువులు చదవలేదు. ట్రాక్టర్ విడిభాగాల కొట్టులో గుమాస్తాగా ఉంటూ, పాత పుస్తకాలు కొనుక్కుని, రెండు అంకెల మధ్య తేడా నిజమైనదో కాకతాళీయమో ఎలా తేల్చాలో నాకు నేనే నేర్చుకున్నాను. మా ఊళ్ళో ఒక ఎముకల డాక్టరు దగ్గర మోకాళ్ళ నొప్పికి కొత్త మాత్ర మీద పరిశోధన మొదలైనప్పుడు, లెక్కలు చూడటానికి నన్ను పెట్టుకున్నారు. కొందరికి అసలు మాత్ర, కొందరికి అచ్చం అలాగే ఉండే, మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది పడిందో చివరిదాకా మాకెవరికీ తెలియదు. రోగులను కలిసి, వాళ్ళు చెప్పింది రాసుకుని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. పరిశోధన వైద్య పత్రికలో అచ్చయినప్పుడు రచయితల్లో నా పేరు కూడా వేయిస్తానని డాక్టరు మాట ఇచ్చాడు. ఆ మాట నన్ను చెడగొట్టిందని అనను. చెడిపోవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. ఆ మాట ఒక సాకు, అంతే.

ఖాసిం మా వీధివాడు. డీజిల్ ఇంజిన్ల మెకానిక్. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు, పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. లోపల ఏ బేరింగ్ అరిగిందో విప్పకుండానే చెప్పేవాడు. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కట్టే ఊళ్ళవాళ్ళు జనరేటర్లను ముందు వాడి దగ్గరికే తెచ్చేవారు. బండ్ల మీద కొండకు తరలే ఆ ఎత్తైన ప్రభల మీద దీపాలన్నీ వాడి చెవుల పుణ్యాన వెలిగేవి. ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చుని పని చేసి మోకాళ్ళు అరగ్గొట్టుకున్నాడు. వాణ్ణి పరిశోధనలో చేర్పించింది నేనే.

కొన్ని వారాలకు ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుని, వాడు గొంతు తగ్గించి చెప్పాడు.

"అన్నా, మోకాళ్ళు బాగానే ఉన్నయ్యిగానీ, చెవుల్లో ఏందో ఈలేసినట్టు ఉంటంది."

"ఎప్పట్నుంచి?"

"ఈ మాత్రలు మొదలెట్టినకాడ్నుంచే. మా ఇంటిది ఎదురుగా నిలబడి తిడతన్నా సగమే ఇనపడతంది."

"అదృష్టవంతుడివి."

వాడు పడీపడీ నవ్వాడు. చప్పున ఆపేసి నా ముఖంలోకి చూశాడు. "నిజం చెప్పన్నా. మాత్రల వల్లేనా? ఆపెయ్యమంటే ఇయ్యాలే ఆపేస్తా. మోకాళ్ళు లేకపోయినా నాకు కూడు పుడుద్ది. చెవుల్లేకపోతే పుట్టదు."

"ఒరేయ్, ఊహ తెలిసినకాడ్నుంచి ఇంజిన్ల మధ్య పడుంటివి. చెవులు గోల పెట్టకుండా పాటలు పాడతయ్యా? మోకాలి మాత్రకీ చెవికీ సంబంధమేంది? నోర్మూసుకుని మింగు."

"సరే అన్నా. లెక్కలు తెలిసినోడివి, నువ్వు చెప్పినాక ఇంకేంది."

అప్పటికే ఇంకో ఇద్దరు అదే మాట నాతో అన్నారు. ఒకామె బెల్లంకొండ నుంచి వచ్చే గృహిణి. ఒకాయన రిటైరైన బడిపంతులు. ఇద్దరూ ఏ ఇంజిన్ దగ్గరా బతికినవాళ్ళు కారు. ఆమెది వయసు ప్రభావమని రాశాను. ఆయనది జలుబని రాశాను. ఖాసింది వృత్తి అని రాశాను. ముగ్గురినీ ఒకే వరసలో పెట్టి ఉంటే పరిశోధన ఆపి, చెవుల సంగతి చూడాల్సి వచ్చేది. పెట్టలేదు. క్వారీల్లో, క్రషర్ల దగ్గర, లారీల మీద బతికే మా ప్రాంతంలో చెవి మందగించడం జుట్టు నెరవడం లాంటిది. ఆ సాకు చెబితే ఎదురు ప్రశ్న ఎవరూ వేయరు. అది తెలిసే వాడుకున్నాను.

డాక్టరును అనవచ్చు. ఎముకల డాక్టరు చెవుల గురించి అడగడు. చెవుల డాక్టరు మోకాళ్ళ గురించి అడగడు. మనిషిని ముక్కలుగా పంచుకుని, ఎవరి ముక్క వాళ్ళు చూసుకుంటారు. వాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళుమంట. కానీ అన్ని ముక్కలూ ఒకచోట చేరింది నా దగ్గరే కదా? ఖాసిం అడిగింది డాక్టరును కాదు కదా? నాకు అనుమానం మాత్రమే ఉందని, రుజువు లేదని, ముగ్గురి మాటతో ఏదీ తేలదని పుస్తకాల్లో చదువుకున్నది నాకు నేనే ఎన్నిసార్లు అప్పజెప్పుకున్నానో. అనుమానం చాలదా, ఒక మాత్ర ఆపమనడానికి?

ఆ ఏడు శివరాత్రికి రొంపిచెర్ల వైపు నుంచి ఒక ప్రభవాళ్ళు జనరేటర్ తెచ్చారు. ఖాసిం స్క్రూడ్రైవర్ ఆనించి విని, బ్రహ్మాండంగా ఉందన్నాడు. కొండ దారిలో అది పట్టేసి ఆగిపోయింది. ప్రభ ఆరిపోయి రోడ్డు మధ్యలో చీకట్లో నిలబడింది. మర్నాడు కుర్రాళ్ళు వాడి షెడ్డు మీదకొచ్చారు. "ఏందిరా, చెవుల్లో గ్రీజు కూరుకున్నావా? పక్కింటోడిక్కూడా ఇనపడే చప్పుడు నీకు ఇనపళ్ళేదా?" అని గల్లా పట్టుకున్నారు. వాడు వాళ్ళ పెదాల వంక చూస్తూ నిలబడ్డాడు. జనంలో నేనూ ఉన్నాను. ఎవరో "ఇంజిన్ల చెవులు, అంతే" అన్నారు. నేను తల ఊపాను.

తర్వాత వాడు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఏదైనా మందు వాడుతున్నావా అని ఆయన అడిగి, ఎందుకైనా మంచిదని ఆపించాడు. ఇంజిన్ల వల్లో మాత్ర వల్లో తేల్చలేనుగానీ, గోల మొదలైన రోజుల్లోనే ఆపి ఉంటే వినికిడి కొంతైనా మిగిలేదేమో అన్నాడట. ఆ మాట ఖాసిం భార్య మా ఇంటికొచ్చి చెప్పి వెళ్ళింది, నన్ను అనుమానించకుండానే.

చివర్లో ఎవరికి ఏ మాత్ర పడిందో విప్పి చూశాం. ముగ్గురిదీ అసలు మాత్రే.

అయినా పరిశోధన అచ్చయింది. చెవి ఇబ్బందులకు మాత్రతో సంబంధం కనిపించలేదన్న వాక్యం అందులో ఉంది. దాన్ని రాసింది నేనే. రచయితల పేర్లలో చివరిది నాది. ఆ వాక్యాన్ని నమ్మి ఎక్కడో ఎవరో డాక్టరు ఆ మాత్ర రాస్తూ ఉండవచ్చు.

ఖాసిం ఇప్పుడు పంక్చర్ షాపు పెట్టుకున్నాడు. ట్యూబును నీళ్ళలో ముంచితే బుడగ కంటికి కనిపిస్తుంది. చెవితో పని లేదు. ఒకసారి నా బండి తీసుకెళ్ళాను. వాడు తొట్టి మీద వంగి ట్యూబు తిప్పుతున్నాడు. వీపు వెనక నిలబడి, ఉన్నదంతా పైకే చెప్పేశాను. బుడగ దొరకగానే వాడు నా వైపు తిరిగి, "ఇదిగో అన్నా, దొంగ ఇక్కడున్నాడు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. చెప్పేశానన్న తృప్తితో ఇంటికొచ్చాను. వినిపించదని తెలిసిన చోట నిలబడి చెప్పడం మొదటి తప్పు కంటే నీచమని అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఖాసిం వినలేడుగానీ చదవగలడు. ఇది వాడి కంట పడితే ఎవరు రాశారో వాడికి చెప్పనక్కర్లేదు. ఆ కుర్రాళ్ళలాగా నా గల్లా పట్టుకుంటాడో లేదో తెలియదు. పట్టుకోవాలి.

ఖాసిం, నీ చెవులు పోయింది ఇంజిన్ల వల్ల కాదురా. నువ్వు అడిగిన రోజే నాకు తెలుసు.

ఇంత రాశాక ఊపిరి ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.