గ్రంథి లేనోనికి మళ్లీ క్యాన్సర్

నాకు ప్రోస్టేట్ గ్రంథి లేదు. బొగ్గుబాయిల రిటైరైన ఏడాదే దాంట్ల క్యాన్సర్ ఉందని హైదరాబాదుల తీసేసిండ్రు. ఏండ్లు గడిచినంక, గోదావరిఖనిల చేసిన రక్తపరీక్షల పీఎస్‌ఏ పెరిగింది; అది ఈ క్యాన్సర్ జాడ చెప్పే లెక్క, గ్రంథి తీసినంక సున్న ఉండాలె. రామగుండంల రైలెక్కి మళ్ల ఆ ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే పోయినం. క్యాన్సర్ తిరిగొచ్చిందన్నడు. నా భార్య ఒప్పుకోలేదు.

"గ్రంథే లేదు కద సార్, ఎట్ల వస్తది?"

"తియ్యకముందే కొన్ని కణాలు బయటికి జారుకున్నట్టున్నయమ్మా. ఎక్కడ దాగినయో చూడాలె."

చూసుడంటే పెట్ స్కాన్. నరంల ఒక మందు ఎక్కించి మిషన్ల పండబెట్టిండ్రు. క్యాన్సర్ ఉన్నకాడ ఆ మందు అంటుకొని స్కాన్ల మెరుస్తదట. తర్వాత కంప్యూటర్ల బొమ్మ చూపెట్టిండు. రెండు కిడ్నీలు ధగధగ వెలుగుతున్నయి. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవి అందరికీ వెలుగుతయి," అన్నడు డాక్టర్. నడుము కింద, పెద్ద రక్తనాళం పక్కన మెతుకంత చుక్క చూపెట్టిండు. "మనది ఇది."

అంత చిన్నది చేతికెట్ల దొరుకుతదని అడిగిన. ఆపరేషన్ ముందురోజు అసొంటి మందే ఇంకోటి ఎక్కిస్తరట. లోపల పెన్నసొంటి పరికరం పెట్టి వెతికితే, గడ్డ దగ్గరికి పోంగనే ఆ మందును పసిగట్టి మోగుతదట.

"మాకు వినపడదా?" అన్నది నా భార్య.

"మీరు బయట ఉంటరు. ఆయన మత్తుల ఉంటడు."

దీంతోని పూర్తిగ నయమైతదని మాటియ్యలేనని సుత చెప్పిండు. క్యాన్సర్‌ను అణిచే హార్మోన్ సూదుల అవసరం మాత్రం కొన్నాళ్లు వెనక్కి జరగొచ్చన్నడు. తెల్లారి పొద్దున "చేపిచ్చుకుంట" అన్న. "చేపిచ్చుకో" అన్నది.

ఆపరేషన్ ముచ్చట నాకు ఆమె చెప్పిందే. డాక్టర్ బయటికి రాంగనే ఎదురువోయి "మోగిందా?" అని అడిగిందట.

"మోగింది. గడ్డ తీసి బయటపెట్టినా మోగింది. లోపల మళ్ల చూస్తే సప్పుడు లేదు."

ఆమె బెంచీ మీద కూసొని టిఫిన్ డబ్బా తీసి, పొద్దటిసంది ముట్టని చపాతీలన్నీ తిన్నది. నాకోసం ఉంచలేదు. నాకెట్లాగూ పెట్టరు కద, అన్నది.

ఇప్పుడు పీఎస్‌ఏ తగ్గింది. గడ్డ తీసిన దిక్కు కుడికాలు మాత్రం పొద్దుమూకేసరికి వాస్తది, బిగుతు మేజోడు తొడుక్కుంట. వాడకట్టోళ్లు "నయమైందా అన్న?" అని అడిగితే, తగ్గిందని చెప్త.

"సున్న కాలేదింక," అంటది నా భార్య లోపలినుంచి.