ఆపి చూసే గంగాధర సారు

నడుస్తున్నది ఏదైనా సరే, ఒక తూరి ఆపి, మళ్ళీ లేస్తుందో లేదో చూసుకోకపోతే గంగాధర సారుకు తిన్నది అరగదు. ఫ్యాను తిరుగుతుంటే ఆపుతాడు. టేపురికార్డరు పాడుతుంటే ఆపుతాడు. పక్కింటివాళ్ళ మోటారు నీళ్ళు పోస్తుంటే గోడమీంచి చెయ్యి చాపి మరీ ఆపుతాడు. అది మళ్ళీ లేస్తే "భేష్" అంటాడు. లేవకపోతే "చూసినారా, నేను ఆపబట్టి తెలిసె" అంటాడు. ఎటు తిరిగినా గెలుపు ఆయనదే. హిందూపురంలో ఆయన కంటే ఎక్కువ ఫ్యాన్లు ఆపింది కరెంటు ఆఫీసొక్కటే.

ఈ సంగతి సబీనాకు చిన్నప్పటినుంచీ తెలుసు. వాళ్ళ నాయన షాకిర్‌ది బజారులో వాచీలు బాగుచేసే అంగడి. నెలకొక తూరన్నా సారు ఆ అంగడి మెట్లెక్కేవాడు.

"షాకిరూ, ఇది నడుస్తా నడుస్తా నిలిచిపోయిందప్పా."

"దానంతటదే నిలిచెనా, మీరు నిలిపినారా సార్?"

"నేనే నిలిపినా. కానీ అది లేవల్లకదా!"

సారు వెళ్ళిపోయాక షాకిర్ కూతురితో అనేవాడు: "ఆయప్పను ఏమీ అనొద్దమ్మా. మన పొయ్యిలో సగం మంట ఆయప్పదే."

సారు భార్య సరోజమ్మ దగ్గర ఇలాంటి కథలు కొల్లలు. అన్నిట్లోకీ పెద్దది వాళ్ళ పెళ్ళి కథ. ముహూర్తం దగ్గరపడింది. మేళం జోరుగా మోగుతోంది. తాళి చేతిలో పట్టుకున్న పెళ్ళికొడుకు ఉన్నట్టుండి "ఆపండి!" అన్నాడు. మేళం ఆగింది. పెళ్ళికూతురి నాయన గుండె చేత్తో పట్టుకుని, "ఏమయ్యె నాయనా, ఏం తక్కువ చేసినాము?" అన్నాడు.

"ఏమీ లేదు మామా. గట్టిమేళం అన్నప్పుడు అందరూ ఒక్క తూరే ఎత్తుకుంటారో లేదో చూద్దామని."

"ఎత్తుకున్నారా అమ్మా?" అని సబీనా అడిగితే సరోజమ్మ చేతులు తిప్పింది. "యాడ! డోలు ముందు లేచె, సన్నాయి వెనక లేచె. నా పెండ్లి రెండు తూర్లు జరిగినట్లాయె."

పెనుకొండ బస్సు కథ ఊరందరికీ తెలిసిందే. డ్రైవరు పక్క సీటులో కూర్చుని సారు మెల్లగా "ఒక తూరి ఇంజను ఆపి చూడరాదా?" అన్నాడు. ఏ గడియలో అన్నాడో, కొత్త డ్రైవరు మాట కాదనలేక ఆపేశాడు. ఇక అది లేవలేదు. గొర్రెలు అమ్ముకుని ముదిగుబ్బకు పోతున్న మనుషులంతా దిగి, పంచెలు ఎగ్గట్టి బస్సును తోశారు. వెనక నుంచి తోస్తున్నవాళ్ళలో అందరికన్నా గట్టిగా తోసింది సారే. "ఇదే ఘాట్‌లో ఆగుంటే మన గతేమప్పా!" అని పక్కవాడికి నచ్చజెప్పుతూ తోశాడు. పక్కవాడికి తిట్టేందుకు కూడా ఊపిరి మిగల్లేదు.

రెండువేల ఐదులో ఈ మనిషే సబీనాకు గురువయ్యాడు.

అప్పట్లో బెంగుళూరు కంపెనీలకు అప్లికేషన్ సర్వర్ చూసుకునేవాళ్ళు కావాలి. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒకరు, వాటిని సర్వరుకెక్కించి వేలమంది ఒకేసారి వాడుకునేట్లు నడిపేవాళ్ళు ఇంకొకరు. ఈ రెండో పనికి ఒక పరీక్ష, ఒక సర్టిఫికెట్టు ఉన్నాయి. ఎక్కించే పనిని డిప్లాయ్ అంటారని సారు ఇంట్లో వివరిస్తే సరోజమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. "అంటే వండింది విస్తట్లోకి తెచ్చి, కడదాకా వడ్డించేది. అంతేకదా?" అంతే.

సారు తన ఇంటి మేడమీది కంప్యూటర్ సెంటరులో ఆ పరీక్షకు చదవడం మొదలుపెట్టాడు. ఒక్కడే చదివితే తోచదని ఇంకో ముగ్గురిని చేర్చుకున్నాడు. అప్పుడే బీసీఏ ముగించిన సబీనా ఒకరు. పెనుకొండ నుంచి వచ్చే లోకేష్ ఒకరు. వాడికి నోరెక్కువ, తెలివీ ఎక్కువే. మూడోవాడు ధర్మవరం చెన్నకేశవులు. వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. ఎప్పుడో డిగ్రీ చదివి, పెళ్ళయి, పిల్లలు పుట్టాక మళ్ళీ పుస్తకం పట్టినవాడు. పొద్దున మగ్గం దిగి ప్యాసింజరెక్కి వచ్చేవాడు. మనిషి నెమ్మది. ఏదీ అడిగేవాడు కాదు. అర్థం కానప్పుడు మాత్రం కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకునేవాడు.

సబీనాకు మాత్రం తొందర. అగళిలో ఒక ప్రైవేటు బడివాళ్ళు ఆమెను టీచరుగా రమ్మన్నారు. జూన్ లోపల పరీక్ష పాసైతే బెంగుళూరు, కాకుంటే అగళి అని ఇంట్లో ఒప్పందం. అగళి చెడ్డ ఊరేమీ కాదు. కానీ ఆమె మనసంతా సర్వరుకు తగులుకుంది.

ఆ సర్వరు పేరుకే సర్వరు. మూత ఊడదీసి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టిన పాత డబ్బా. అందరి కంప్యూటర్లూ దానికే కలిపి ఉండేవి. సబీనా వేళ్ళు కీబోర్డు మీద పరిగెత్తేవి. ప్రోగ్రాము ఎక్కించి, ఆ ఒక్క డబ్బాలోనే రెండు సర్వర్లను సృష్టించి జతచేసి, ఇంకొక్క మెట్టు ఉందనగా వెనకనుంచి వినపడేది:

"ఆపి చూద్దామా?"

"వద్దు సార్!"

అప్పటికే డబ్బా ఆగిపోయేది. అది మళ్ళీ లేచేసరికి కిందికి పోయి టీ తాగి, బజారులో చింతపండు కొనుక్కుని రావచ్చు. లేచాక అందరూ మొదటి మెట్టునుంచి చేయాలి. సారు ప్రతి మెట్టూ మళ్ళీ చెప్పేవాడు, అప్పుడే కనిపెట్టినంత ఉత్సాహంగా.

"సార్, పరీక్షలో టీ తాగేది కూడా పెడితే మనమే ఫస్టు," అనేవాడు లోకేష్.

ఒకరోజు సబీనాకు ఓపిక తెగింది. "ఇట్లయితే నేను రేపట్నుంచి రాను సార్. పరీక్ష దగ్గరికొచ్చె. సగం పుస్తకం అట్లే ఉండాది."

సారు నొచ్చుకోలేదు. "పడి లేచినదాన్నే నమ్మల్లమ్మా. పడనిదాన్ని ఏం నమ్ముతాము?" అన్నాడు. సబీనా పళ్ళు కొరుక్కుంది. చెన్నకేశవులు తలొంచుకుని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

ఆ తరువాతి వారం చెన్నకేశవులు రాలేదు. పెళ్ళిళ్ళ కాలం, చీరలు ముగించాలి. చిత్రంగా ఆ వారమంతా సారు సర్వరు జోలికే పోలేదు. పుస్తకం గడగడా ముందుకు సాగింది.

"సారుకు ఒంట్లో బాగుందా?" అని లోకేష్ సరోజమ్మను అడిగాడు.

"పైన ఏం చేస్తాడో నాకు తెల్దప్పా. కింద మాత్రం మిక్సీ ఆపి చెడగొట్టె. చెనిక్కాయల ఊరుమిండి రోట్లో నూరుతాండా," అందామె.

సోమవారం పొద్దున అగళి బడి కరెస్పాండెంటు షాకిర్ అంగడికొచ్చాడు. జూన్ దాకా ఆగలేము, ఈ వారమే చేరాలి అన్నాడు. "సరే అని చెప్పేదా?" అని నాయన అడిగితే సబీనా సాయంత్రం చెప్తానంది. అట్లే వచ్చి క్లాసులో కూర్చుంది. చెన్నకేశవులు ఇంకా రాలేదు. తెరమీద అక్షరాలు కనపడుతున్నాయి, ఒక్కటీ లోపలికి పోవడం లేదు. సారు ఏదో చేయమన్నాడు. లోకేష్ అది ముగించి ఒళ్ళు విరుచుకుంటున్నాడు. తానెక్కడుందో ఆమెకే తెలియలేదు. అడుగుదామంటే నోరు రాలేదు. అడగడం ఎన్నడూ అలవాటు లేదు మరి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆపి చూద్దామా?"

డబ్బా గుర్రుమని ఆగిపోయింది.

"అయ్యో సార్! నాది అయిపోయిండె!" లోకేష్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఇంకో తూరి చేస్తే చెయ్యి తిరుగుతాదిలే. పోయి టీ తాగి రా పో."

లోకేష్ గొణుక్కుంటూ దిగిపోయాడు. సబీనా తలెత్తి చూసింది. సారు ఆమెవైపు చూడడం లేదు. స్విచ్చు బోర్డు మీద లేని దుమ్మును శ్రద్ధగా తుడుస్తున్నాడు. గదిలో ఈ పూట వెనకబడింది తనొక్కతే. అప్పుడామెకు చెన్నకేశవులు కళ్ళద్దాలు తుడుచుకోవడం గుర్తొచ్చింది. ఆయన తుడుచుకున్నప్పుడల్లా సర్వరు ఆగింది. ఆయన రాని వారం ఒక్కసారీ ఆగలేదు.

"సార్," అంది, "మీరు చూసేది సర్వరు లేస్తాదా లేదా అని కాదు కదా?"

సారు గుడ్డ పక్కన పెట్టాడు. దొంగతనం దొరికినవాడిలా నవ్వాడు.

"చెన్నకేశవులుకు చెప్పొద్దమ్మా. ఇప్పుడు నన్ను పిచ్చోడనుకుంటాండాడు. అదేం పరవాలేదు, ఊరంతా అనుకుంటాండారు. ఆయప్ప తనను మొద్దనుకుంటే మాత్రం మరుసటి దినం రైలెక్కడు."

"మరి మిక్సీ?"

"మిక్సీ వేరే. దాన్నెట్ల నమ్ముతావు?"

ఆ సాయంత్రం సబీనా అంగడికి పోయి నాయనతో గట్టిగానే చెప్పింది. "పరీక్ష అయ్యేదాకా నేను అగళికి పోను. కరెస్పాండెంటును తాళమని చెప్పు. తాళలేకపోతే వేరేవాళ్ళను చూసుకోమను."

షాకిర్ కంటికున్న భూతద్దం తీశాడు. "ఈ మాట పొద్దున్నే చెప్పింటే కరెస్పాండెంటుకు టీ తాపించే పని తప్పుండె," అన్నాడు.

మరుసటి దినం చెన్నకేశవులు వచ్చాడు. ఆగిపోయిన సర్వరు ముందు ఇకనుంచి సబీనా ఊరికే కూర్చునేది కాదు. కుర్చీ ఆయన పక్కకు లాక్కుని, "అన్నా, నాకు ఇది సరిగ్గా రాలేదు, ఇద్దరం చూద్దాం," అనేది.

పరీక్ష బెంగుళూరులో. నలుగురూ పొద్దున బండికి పోయారు. రాసి ముగించగానే ఫలితం తెరమీదే వస్తుంది. సబీనా పాసు. లోకేష్ పాసు. చెన్నకేశవులు అంచుమీద పాసై, బయటికొచ్చి మెట్లమీద కూలబడి ధర్మవరానికి ఫోన్ చేసి మాట రాక ఏడ్చాడు. గంగాధర సారు తప్పాడు.

"ఎట్ల సార్?" ముగ్గురూ నోళ్ళు తెరిచారు.

"సర్వరు మెల్లగా పోతాంటే ఏం చేస్తావు అన్నారు. ఆపి లేపుతా అని పెట్టినా. మెమరీ నిండితే ఏం చేస్తావు అన్నారు. ఆపి లేపుతా అని పెట్టినా. వాళ్ళకు అనుభవం తక్కువమ్మా."

తిరుగు బండిలో సారు అందరికీ ఉడకబెట్టిన చెనిక్కాయలు కొనిపెట్టాడు. ఎదురు సీటు పెద్దాయన అడగకపోయినా చెప్పాడు. "మా వాళ్ళు ముగ్గురూ పెద్ద పరీక్ష పాసైనారు. ఇంక బెంగుళూరులో సర్వర్లు వీళ్ళ చేతిలోనే."

"శానా సంతోషమప్పా. మరి మీరు?"

ముగ్గురూ ఒక్కసారిగా కిటికీవైపు తిరిగారు. సారు మాత్రం తడుముకోలేదు. చెనిక్కాయ ఒలుచుకుంటూ తాపీగా అన్నాడు:

"నేను వీళ్ళకు తోడొచ్చినా."

"ఔను తాతా," అంది సబీనా. "సారు రాకపోయింటే మాకు దావ తెలిసేది కాదు."

"దావదేముందిమ్మా," అని సారు విసుక్కున్నాడు. "రైలెక్కితే అదే పోతాది."