చీటీ కింద రాజధాని

మా బావ సోషలు మాస్టారు. అదే బడిలో నేను డ్రిల్లు మాస్టారిని. ఆయన పాఠం చెబితే ఆ గొంతు ఆటస్థలం దాకా వచ్చి నా పిల్లల్ని చెడగొడుతుందని నా ఫిర్యాదు. నేను ఈల వేస్తే ఖండాలన్నీ కదిలిపోతాయని ఆయన ఫిర్యాదు. ఇరవై రెండేళ్లుగా ఇలాగే నడుస్తోంది. పిల్లలు ఆయనకు గ్లోబు మాస్టారని పేరు పెట్టారు. పొట్ట చూసి పెట్టారని నేనంటాను. జ్ఞానం చూసి పెట్టారని మా అక్క అంటుంది.

ఆయన మంచివాడని అందరికీ తెలుసు, నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఇప్పుడు రాసేది ఆయన చేసిన ఒక చెడ్డ పని గురించి. అది ముగ్గురికే తెలుసు. ఆ ముగ్గురిలో నేనొకడిని.

బావ దగ్గర నీలం అట్ట రిజిస్టరు ఒకటుంది. ప్రపంచంలోని దేశాలన్నీ అందులో ఉంటాయి. ఒక్కో దేశానికి అరపేజీ: రాజధాని, నాణెం, ఏలేది ఎవరు, ఏ కూటమిలో ఉంది, ఎవరితో తగాదా. ఏదైనా మారితే మనలాగా గీత కొట్టి పక్కన రాయడు. కొట్టివేతలంటే ఆయనకు ఒళ్లుమంట. తెల్ల కాగితం చిన్న చీటీగా కత్తిరించి, కొత్త సంగతి దాని మీద గుండ్రంగా రాసి, పాతదాని మీద జిగురుతో అంటిస్తాడు. ఊరికే అధ్యక్షులు మారిపోయే దేశాల దగ్గర చీటీ మీద చీటీ పడి పేజీలు అట్టల్లా అయిపోయాయి. "అక్కడ ప్రభుత్వం నిలవకపోయినా నీ జిగురు నిలుస్తుంది బావా" అని ఏడిపించేవాడిని. కజకిస్తాన్ రాజధాని అస్తానా పేరు నూర్‌సుల్తాన్ అని మార్చినప్పుడు, పేపర్లో వార్త పడిన పూటే చీటీ అంటించి, స్టాఫ్ రూములో అందరికీ చూపించి వచ్చాడు. ప్రపంచం ఆయనను అడక్కుండా ఏదీ మార్చదన్నంత ధీమా.

ఊళ్లో ఏటా హైస్కూళ్లకు అంతర్జాతీయ వ్యవహారాల క్విజ్ జరుగుతుంది. బడికి ముగ్గురు పిల్లల జట్టు. మా బడి ఆరుసార్లు ఫైనలుకు వెళ్లింది, ఆరుసార్లూ చేతులూపుకుంటూ తిరిగొచ్చింది. ఏడోసారి వెళ్లినప్పుడు కెప్టెన్ తొమ్మిదో తరగతి అమ్మాయి. వాళ్ల నాన్న దర్జీ. కొట్టులో పొద్దస్తమానం రేడియో మోగుతూనే ఉంటుంది. ఆ పిల్ల బడి వదలగానే అక్కడ కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతూ వార్తలు వింటుంది. అందుకని అందరూ దాన్ని రేడియో అనేవారు. మాట తక్కువ, చెవులు పెద్దవి.

ఆ పోటీలో ఒక నియమం ఉంది. ప్రతి జట్టు వెనకా వాళ్ల మాస్టారికి కుర్చీ వేస్తారు. ఆట మొత్తంలో ఒక్కసారి కెప్టెన్ పసుపు అట్ట ఎత్తి, వెనక్కి తిరిగి, మాస్టారిని గుసగుసగా అడగవచ్చు. ఆయన కూడా గుసగుసగానే చెప్పాలి. జవాబు మాత్రం కెప్టెన్ నోటి నుంచే రావాలి. పిల్లల్ని వ్యానులో తీసుకొచ్చింది నేను కాబట్టి బావ పక్కన నాకూ ఒక కుర్చీ దొరికింది.

చివరి ప్రశ్న దాకా రెండు జట్లూ సమానం. ఎదుటి జట్టు పెద్ద బడి పిల్లలు, ఇస్త్రీ మడత నలగని కోట్లు. ప్రశ్నలడిగే ఆవిడ గొంతు సవరించుకుని కజకిస్తాన్ రాజధాని ఏదని అడిగింది. నాకు నవ్వొచ్చింది. మా బావ చీటీ అంటించిన దేశమే కదా, కప్పు మనదే అనుకున్నాను. కానీ బల్ల దగ్గర ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గొణుక్కుంటున్నారు. ఇద్దరు ఒకటంటున్నారు, రేడియో తల అడ్డంగా ఊపుతోంది. చివరికి పసుపు అట్ట ఎత్తి వెనక్కి తిరిగింది.

"సార్, మళ్లీ అస్తానా అయిపోయింది కదా? పోయినేడు మార్చేశారు. వీళ్లేమో మీరు రాయించిన నోట్సులో నూర్‌సుల్తాన్ అనే ఉందంటున్నారు."

"నోట్సులో ఉన్నదే చెప్పు."

"నేను వార్తల్లో విన్నాను సార్..."

"ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను నేను. దర్జీ కొట్లో కూర్చుని విన్నది నువ్వు. తిరుగు ముందుకి."

ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది. ఆ పిల్ల చెవులు ఎర్రబడటమూ చూశాను. మా బావ అలాంటి మాట అంటాడని ఎవరైనా నాతో అని ఉంటే కొట్లాటకు వెళ్లేవాడిని. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇంట్లో నవ్వుకుంటాం గాని, అది ఇలా పిల్లల మీద పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

రేడియో ముందుకు తిరిగింది. "నూర్‌సుల్తాన్" అంది.

తప్పన్నారు, ప్రశ్న అవతలి వాళ్లకు ఇచ్చారు. కోట్ల జట్టు "అస్తానా" అంది. హాలంతా చప్పట్లు. మా బావకు నోట్లో పచ్చి వెలక్కాయ పడినట్టయింది. అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

వ్యాను బయలుదేరకముందే పెద్ద మేడమ్ ఫోను చేసింది. పెద్ద మేడమ్ అంటే మా హెడ్‌మిస్ట్రెస్. ఏమైందని అడిగి ఉంటుంది. బావ ఒక్క క్షణం కిటికీ వైపు చూసి, "చివరి ప్రశ్నకి మా కెప్టెన్ నా మాట వినిపించుకోలేదండీ. తొందరపడింది" అన్నాడు. నేను స్టీరింగు పట్టుకుని ఉన్నాను. రేడియో మా వెనక సీట్లోనే ఉంది. సార్ సరైనదే చెప్పినా ఇది వినకుండా తమ మాటే పట్టుకుందనుకుని మిగతా ఇద్దరూ దాని వంక గుడ్లురిమి చూశారు. అది మాత్రం ఒళ్లోని పసుపు అట్టను రెండుగా మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. దారంతా దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు మా బావ. నేనేమైనా తక్కువ తిన్నానా? నేనూ నోరు విప్పలేదు.

ఇంటికి వెళ్లగానే ఆయన రిజిస్టరు తీశాడు. ఆ పేజీ తెరిచి, తడి గుడ్డ అద్ది, గోటితో చీటీని మెల్లగా లేపాడు. కింద ఆయన రాతే, ఆయన గుండ్రటి అక్షరాలే: అస్తానా.

"ఇది ఎప్పుడు మారిందే? నేను పేపరు చూడని రోజుందా?" అన్నాడు మా అక్కతో.

"ఎందుకు లేదూ, పోయినేడు కంటి ఆపరేషనప్పుడు నెల రోజులు డాక్టరు అక్షరం చూడొద్దన్నాడుగా. నేనే కదా చదివి వినిపించింది."

"అన్నీ చదివావా?"

"నోరు తిరగని ఊళ్లున్నవి దాటేసేదాన్ని. నీకెందుకులే అవన్నీ అని. వాతావరణం, తప్పిపోయినవాళ్ల ప్రకటనలు మాత్రం ఒక్కటీ వదల్లేదు."

ఇంకో రోజైతే నేను పడీ పడీ నవ్వేవాడిని. బావ అక్క మీద కోప్పడలేదు. "నువ్వేం చేస్తావులే" అని రిజిస్టరు మూసేశాడు. మొహం కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

సోమవారం ప్రార్థన సమయంలో పెద్ద మేడమ్ ఓటమి గురించి మాట్లాడింది. ఏడేళ్ల శ్రమ ఒకరి తొందరపాటు వల్ల బూడిదలో పోసినట్టయిందంది. మాస్టారి మాట వినని పిల్లలకు చదువెలా వస్తుందంది. రేడియోను ముందుకు పిలిచి, గుండె మీది కెప్టెన్ బిళ్ల తీయించి, తన చేతిలో పెట్టించుకుంది. ఆ పిల్ల పిన్ను తీయడానికి తడబడింది గాని ఏడవలేదు. నోరు తెరిచి నిజం చెప్పనూ లేదు. గుమ్మడికాయల దొంగలిద్దరం పక్కపక్కనే నిలబడి భుజాలు తడుముకున్నాం. తల కొట్టేసినట్టుంది నాకు.

ఆ వారమంతా బావ సరిగ్గా తినలేదు. పాఠం చెబుతున్నా ఆయన గొంతు నా ఆటస్థలం దాకా రావడం మానేసింది. శుక్రవారం ప్రార్థన అయిపోయాక ఎవరూ పిలవకుండానే మైకు దగ్గరికి వెళ్లాడు.

"తప్పు నాది" అన్నాడు. "ఆ అమ్మాయి అస్తానా అని సరిగ్గానే చెప్పింది. అది కాదని, నూర్‌సుల్తాన్ అని చెప్పమన్నది నేనే. పైగా ఒక అనరాని మాట కూడా అన్నాను. తర్వాత పెద్ద మేడమ్‌కు అబద్ధం చెప్పాను. ఆ పిల్ల బిళ్ల ఆ పిల్లకు ఇచ్చేయండి."

నా గుండెల మీది బరువు దిగిపోయింది. అయిపోయింది, గండం గడిచిందనుకున్నాను.

పెద్ద మేడమ్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. "చూశారా పిల్లలూ! గురువంటే ఈయన! శిష్యురాలి తప్పు తన నెత్తిన వేసుకుంటున్నారు. మన మాస్టారికి ఒక రాజధాని తెలియదంటే ఎవరైనా నమ్ముతారా?"

"నమ్మం!" అని పిల్లలంతా ఒక్కసారే అరిచి నవ్వారు. చప్పట్లు మొదలయ్యాయి.

"కాదండీ, నిజంగా నేనే..." బావ చేతులు అడ్డంగా ఊపుతున్నాడు. ఊపినకొద్దీ చప్పట్లు పెరుగుతున్నాయి. ఇంత వినయమా అని మా లెక్కల మాస్టారు ముక్కున వేలేసుకున్నాడు. మేడమ్ రేడియో వైపు తిరిగి, "ఆయన మంచితనం చూసైనా బుద్ధి తెచ్చుకో తల్లీ" అంది.

అప్పుడు నేనొక్క మాట అంటే చాలు. "నేను పక్కనే ఉన్నానండీ, నా చెవులారా విన్నాను." అంతే. చప్పట్లు ఆగిపోయేవి, బిళ్ల ఆ పిల్లకు తిరిగొచ్చేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ విన్నవాడివి సోమవారం ఏం చేశావని మేడమ్ అడుగుతుంది. ఆయనన్న ఆ అనరాని మాటేమిటని అడుగుతుంది. మా అక్క మొగుడు పిల్లల ముందు నిజంగానే అబద్ధాలకోరైపోతాడు. ఇదంతా ఆలోచించానని చెప్పుకుంటున్నాను గాని, అసలు సంగతి అది కాదు. నా మీదికి రాకుండా చూసుకున్నాను, అంతే. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే చేతులు కట్టుకుని నిలబడటం ఎబ్బెట్టుగా అనిపించి, నేనూ కొట్టాను. రెండో వరుసలోంచి రేడియో నా చేతుల వంకే చూసింది. ఆ రోజు నేను ఏ కుర్చీలో కూర్చున్నానో దానికి తెలుసు.

సాయంత్రం బావ నా స్టోరు రూముకు వచ్చాడు. బంతుల మధ్య నిలబడి, "దర్జీ కొట్టుకి వెళ్తున్నాను. వాళ్ల నాన్నకి చెప్పాలి. నువ్వు కూడా రారా, నువ్వు విన్నావు కదా. నువ్వొస్తే నమ్ముతారు" అన్నాడు.

"ఇవాళ ప్రాక్టీసుంది బావా" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. ఒక్కడే వెళ్లాడు.

గంట తర్వాత వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. మైదానంలో ఎవరూ లేరు. ప్రాక్టీసూ లేదు.

"నమ్మలేదురా" అన్నాడు. "పెద్దవారు, మీరు నా కొట్టుకి రావడమేంటి సార్, మా పిల్లదే తప్పై ఉంటుంది అన్నాడు. నా చేత టీ తాగించి పంపాడు."

"ఆ పిల్ల?"

"అక్కడే ఉంది. గుండీలు కుడుతోంది. తలెత్తలేదు."

ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఆ పిల్ల మళ్లీ జట్టులో చేరలేదు, పదో తరగతి అయిపోగానే బడి వదిలి వెళ్లిపోయింది. గురుపూజ రోజున మాట్లాడే వాళ్లందరూ ఇప్పటికీ మా బావ త్యాగం గురించి చెబుతారు. ఆయన తల వంచుకుని కూర్చుంటాడు. నేను ఆయన పక్క కుర్చీలోనే కూర్చుంటాను.