కరుణమ్మ పడవ పందెం

యాభై నాలుగేళ్లు వచ్చేదాకా కరుణమ్మకు నీళ్లతో పెద్ద స్నేహం లేదు. పుట్టింది అంతర్వేది దగ్గరే అయినా, రేవు దాటాల్సి వస్తే పడవలో కళ్లు గట్టిగా మూసుకుని కీర్తన పాడుకునే పిల్ల ఆమె. నర్సింగ్ చదివింది. మస్కట్‌లో ఎనిమిదేళ్లు పనిచేసింది. ఆ తర్వాత భర్త దైవాశీర్వాదంతో, కూతురు క్రిస్టీతో వర్జీనియా వచ్చి షాంటిలీలో స్థిరపడింది. పదిహేడేళ్లుగా డయాలిసిస్ నర్సు. ఆమె హస్తవాసి మంచిదని పేరు. కొత్త పేషెంటు సూదిని చూసి బిగుసుకుపోతే, మిగతా నర్సులు ముందుగా ఆమెనే పిలుస్తారు.

కూతురు ఉద్యోగం వచ్చి న్యూజెర్సీలోని పార్సిప్పనీ వెళ్లిపోయింది. కరుణమ్మకు షుగర్ అంచు మీద ఉంది, నడవమని డాక్టర్ చెప్పాడు. అందుకని శనివారాలు పొద్దున్నే పార్కులో చెరువు చుట్టూ నడవడం మొదలుపెట్టింది.

మూడో శనివారం చెరువు వైపు నుంచి కందిరీగలు రేగినట్టు రొద వినిపించింది. చూస్తే, రెండడుగుల పొడవున్న పడవలు ఆరు, నీళ్లను తాకీ తాకనట్టు దూసుకుపోతున్నాయి. ఒడ్డున చెక్క వేదిక మీద ఆరుగురు రిమోట్లు పట్టుకుని నిలబడ్డారు. చెట్టు కింద మడత బల్ల దగ్గర ఒక పొడుగాటి ముసలాయన తన పడవ మూత తీసి, తల గోక్కుంటున్నాడు. పేరు వాల్ట్. స్కూలు బస్సుల మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యాడు.

"రెండు రౌండ్లు తిరిగితే చాలు, మోటారు కాలిపోతోంది. నీళ్లు బాగానే పారుతున్నాయి మరి!" అని ఎవరితోనో అంటున్నాడు.

కరుణమ్మ ఆగింది. మోటారు చుట్టూ సన్నటి రబ్బరు గొట్టం ఉంది. కింద నుంచి చెరువు నీళ్లు దాంట్లోకి ఎక్కి, మోటారును చల్లబరిచి, పక్కనున్న రంధ్రంలోంచి బయటికి పోవాలి. చూడగానే ఆమెకు విషయం అర్థమైంది.

"మూత తీసినప్పుడు పారుతున్నాయి. మూత పెట్టి చూశారా?" అని అడిగింది.

వాల్ట్ ఆమె వైపు వింతగా చూసి, మూత పెట్టాడు. సిరంజితో నీళ్లు ఎక్కించాడు. బయటికి చుక్క రాలేదు. మూత అంచు గొట్టం వంపు మీద కూర్చుని, దాన్ని నొక్కేస్తోంది.

"మూడు వారాలు!" అన్నాడు వాల్ట్. "మూడు వారాలు కుస్తీ పట్టాను దీంతో. అసలు నువ్వేం పని చేస్తావమ్మా?"

"మనుషుల రక్తం గొట్టాల్లో తిప్పే పని. ఎక్కడో గొట్టం నలిగి మెషీన్ మోగని రోజుండదు."

ఆయన పెద్దగా నవ్వి, రేసు అయ్యేదాకా కూడా ఆగకుండా ఆ సంగతి అందరికీ వినబడేలా అరిచి చెప్పాడు. రేసు అయ్యాక అందరూ తమ పడవలు పట్టుకొచ్చి ఆమె ముందు మూతలు తీశారు. వాటిలో రెండింటికి అదే జబ్బు. ఆ రోజు కరుణమ్మ ఇంకో అడుగు నడవలేదు.

మరుసటి శనివారం వాల్ట్ ఆమె చేతిలో ఒక పాత పడవ పెట్టాడు. అడుగున పగులు, రంగు ఊడిపోయింది. "అతికించుకుంటే పరిగెడుతుంది. నీదే," అన్నాడు.

అతికించడం ఎలాగో డేల్ అనే వడ్రంగి చూపించాడు. మోటారు బిగించడం వాల్ట్ నేర్పాడు. పడవను వెనక నుంచి తోసే ఫ్యాన్‌ను వాళ్లు ప్రాప్ అంటారు. దాని రెక్కలకు పదును పెట్టడం, రెండు రెక్కలూ సమంగా తూగేలా గీకడం నేర్పింది మాత్రం అవని. కరీంనగర్ పిల్ల. మెకానికల్‌లో మాస్టర్స్ చేస్తోంది. ఆ క్లబ్బులో అందరికన్నా వేగం ఆమెదే. అలాంటిది తన రెక్కల కొలతలన్నీ కాగితం మీద రాసి ఇచ్చేసింది.

కరుణమ్మ ఆశ్చర్యపోయింది. "ఇవన్నీ చెప్పేస్తే రేపు నిన్ను దాటిపోరూ?"

"దాటిపోవాలనే కదా ఆంటీ! ఇక్కడ దాచిపెట్టేటోళ్లు ఎవరూ లేరు. నా బోట్ ఫస్ట్ టైమ్ మునిగినప్పుడు వాల్ట్ నాకు మోటార్ ఇచ్చిండు. తెలిసింది మన దగ్గరే పెట్టుకుంటే, పక్కన రేస్ చేసేటోళ్లే ఉండరు."

అన్నిటికన్నా కష్టమైంది నడపడం. పడవ దూరంగా పోతున్నంతసేపూ బాగానే ఉండేది. తన వైపు తిరిగి వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారై, పోయి గట్టుకు గుద్దుకునేది.

"మీరు బోట్‌లో కూసున్నట్టు అనుకోండి ఆంటీ. అప్పుడు కన్ఫ్యూజ్ కారు," అంది అవని.

"అమ్మో, నేను పడవెక్కితే కళ్లు మూసుకుంటానే!"

అవని నవ్వలేక కింద కూలబడింది.

ఇంట్లో దైవాశీర్వాదం మాత్రం పెదవి విరిచాడు. ఆయన ఎయిర్‌పోర్టులో సామాన్లు దించే విభాగంలో సూపర్‌వైజర్. "ఈ వయసులో బొమ్మ పడవలేంటే నీకు?" అన్నాడు. అయినా సెప్టెంబరులో క్లబ్బు పోటీలు జరిగిన రోజున రొయ్యల పలావు గిన్నె ఒళ్లో పెట్టుకుని భార్య పక్కన కారెక్కాడు.

మొదటి రేసులో కరుణమ్మ మూడో స్థానంలో వచ్చింది. రెండో రేసులో మలుపు దగ్గర అలను తాకి అవని పడవ గాల్లోకి ఎగిరి, సరిగ్గా కరుణమ్మ పడవ మీద పడింది. మూత ఊడిపోయింది. కరుణమ్మ పడవ ముక్కు మాత్రమే నీళ్ల పైన మిగిలింది, అవనిది తిరగబడి ఆగిపోయింది. ఆగిపోయిన పడవల్ని తెచ్చే రేకు దోనె ఒడ్డున ఉంది గానీ, ఎప్పుడూ దాన్ని నడిపే మనిషి ఆ రోజు రాలేదు. మోకాళ్ల నొప్పులతో వాల్టే దాంట్లోకి దిగబోయాడు.

"ఉండండి, ఉండండి," అంటూ దైవాశీర్వాదం బూట్లు విప్పేశాడు. రెండు తెడ్లలో ఒకటి ఒడ్డునే వదిలేశాడు. దోనె వెనక నిటారుగా నిలబడి, ఒక్క తెడ్డుతో గెడ వేసినట్టు నీళ్లను తోస్తూ చెరువు మధ్యకు పోయాడు. దోనె ఇటూ అటూ ఊగలేదు. ఆయన తండ్రి రేవులో పడవ నడిపేవాడని కరుణమ్మకు తెలుసు. కానీ పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన చేతిలో తెడ్డు చూడటం ఆమెకు ఇదే మొదలు. ఇంత హుందాగా ఉంటాడా ఈ మనిషి అనుకుంది.

రెండు పడవలూ తెచ్చి ఇవ్వగానే అందరూ ఈలలు వేశారు. ఆయన సిగ్గుపడిపోయాడు.

"ఎప్పుడో చిన్నప్పటిదండీ. చేతులు మర్చిపోలేదంతే, ఆయ్!" అన్నాడు తెలుగులోనే. వాల్ట్ తనకు అంతా అర్థమైనట్టు తలాడించాడు.

ఫైనల్‌కు ఇరవై అయిదు నిమిషాలే ఉన్నాయి. అవని పడవకు ఏమీ కాలేదు. కరుణమ్మ పడవలో చుక్కాని తిప్పే చిన్న మోటారు పోయింది. పక్కన చీలిక పడింది. ఆమె రిమోట్ బల్ల మీద పెట్టేసింది.

"పర్లేదమ్మా, వచ్చే ఏడు చూద్దాం," అంది.

"ఏం మాట్లాడుతున్నారు ఆంటీ?" అంటూ అవని తన పెట్టెలోంచి కొత్త మోటారు తీసింది. వాల్ట్ చీలిక మీద టేపు అతికిస్తున్నాడు. డేల్ కారు దగ్గరికి పరిగెత్తి, హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, పడవ లోపల తడి ఆరబెట్టసాగాడు.

కరుణమ్మకు మనసాగలేదు. "డేల్, నేను తప్పుకుంటే నీకు ఒక పోటీ తగ్గుతుంది కదా?"

"నిన్ను గెలిస్తే నీళ్ల మీద గెలుస్తాను. బల్ల మీద కాదు," అన్నాడు అతను తలెత్తకుండానే.

ఫైనల్‌లో ఆరు పడవలు, ఆరు రౌండ్లు. ఎవరి పడవ ఎక్కడుందో చెప్పడానికి వాల్ట్ ఆమె పక్కన నిలబడ్డాడు. ఒడ్డు నుంచి దైవాశీర్వాదం, "కుడికి! కుడికి తియ్యే కరుణా!" అని కేకలు పెడుతున్నాడు. పడవ తన వైపు తిరిగిన ప్రతిసారీ కరుణమ్మ దాంట్లో కూర్చుంది, కళ్లు బార్లా తెరుచుకుని. నాలుగో రౌండులో డేల్‌ను దాటింది. అయిదో రౌండులో అవని పడవను వెన్నంటి తరిమింది. ఏం అరుస్తోందో కరుణమ్మకే తెలియదు. చివరి మలుపులో రెండు పడవలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ వచ్చాయి. మూరెడు తేడాతో అవని గెలిచింది.

అవని రిమోట్ పడేసి వచ్చి కరుణమ్మను వాటేసుకుంది. "ఇంకొక్క రౌండ్ ఉంటే ఓడిపోయేదాన్ని ఆంటీ! ఏ ప్రాప్ పెట్టిన్రు?"

"నువ్వు రాసిచ్చిందే. కొంచెం ఎక్కువ గీకాను."

"ఎంత? చూపించండి!"

పడవలన్నీ బోర్లించి ఆరబెట్టారు. పేపరు ప్లేట్లలో పలావు పంచారు. డేల్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. వాల్ట్ దోనె వెనక నిలబడి ఒక్క తెడ్డుతో తోయడం నేర్చుకుంటానని పట్టుబట్టి, నిండా మునిగి, దైవాశీర్వాదం చెయ్యి పట్టుకుని నవ్వుతూ ఒడ్డెక్కాడు.

చర్చిలో సాయంత్రం అయిదింటికి పాటల ప్రాక్టీసు. దంపతులిద్దరూ నలభై నిమిషాలు ఆలస్యంగా, చెరువు వాసనతో వెళ్లారు. పాస్టరమ్మ పల్లవి ఎత్తుకోమంది. కరుణమ్మ నోరు తెరిచింది. గొంతు లేదు. పొద్దుటి కేకలకు మొత్తం పోయింది. చేసేదేం లేక, మిగతావాళ్లు పాడుతుంటే చేతులు తట్టింది, ఇంకా రేసులోనే ఉన్నట్టు పాటకన్నా కాస్త ముందుగా.