క్రేను డ్రైవరు ప్రశ్న

ఇరవై ఆరేళ్లుగా పెద్ద పెద్ద భవనాలు కట్టిస్తున్న ఆ ప్రాజెక్టు మేనేజరు, సర్టిఫికెట్టు పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్లు ముగ్గురు ఇట్టే గట్టెక్కేశారు. జేబులో కొలత టేపు లేనిదే ఆయన గడప దాటడు. బల్ల కాస్త వంకరగా ఉన్నా ముద్ద దిగదు. ఆ బల్ల దగ్గరే రోజూ పొద్దున్నే కూతురు ఆయనకు నమూనా ప్రశ్నలు చదివి వినిపిస్తుంది.

"క్రేను డ్రైవరు తనకు నిద్ర చాలలేదన్నాడు. పని ఇప్పటికే వెనకబడింది. మీరు మొదట ఏం చేస్తారు?"

"క్రేను ఆపించేస్తా."

"అబ్బా, మళ్లీ అదే! నువ్వేం చేస్తావని కాదు నాన్నా, పుస్తకం ఏం చెయ్యమందో చెప్పాలి. ముందు రిజిస్టర్లో రాయాలి, తర్వాత పైవాళ్లకు చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పాను?"

ఆయన టేపు బయటికి లాగాడు, వదిలాడు, మళ్లీ లాగాడు.

"తెలుసమ్మా. ఇంకోటి చదువు."

పదకొండేళ్ల కిందట ఒక క్రేను డ్రైవరు ఇదే మాటంటే ఆయన అచ్చం పుస్తకంలో ఉన్నట్టే చేశాడు. గుండ్రటి అక్షరాలతో రిజిస్టర్లో రాశాడు, పైవాళ్లకు చెప్పాడు. వాళ్ల జవాబు వచ్చేలోపే క్రేను కూలిపోయి ఆ డ్రైవరు చనిపోయాడు. ఆ రాత చూసే, విచారణలో మేనేజరు తప్పు వీసమెత్తు కూడా లేదని తేల్చారు.